నెట్ ఆగనీ... కాల్ మోగనీ!

వరంగల్ నుంచి ఏటూరునాగారం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ములుగు, గోవిందరావుపేట, పస్రా దాటాక అడవిలో పడుతుంది. అక్కడి నుంచి తాడ్వాయి మీదుగా గోదావరి ఒడ్డు దాకా టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు. అడవి చిక్కబడుతున్న సంగతి వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు ముందుగా చెప్పేది ఫోనే. రీల్ సగంలో ఆగి సున్నా చుడుతుంది. తెర మూలన 4జీ పోయి ‘ఈ’ వస్తుంది, కాసేపటికి అదీ పోతుంది. "అరె, టవర్ పోయింది" అన్న నోరే రెండు నిమిషాలకు "పోతే పోయిందిలే, రెండ్రోజులు ప్రాణం హాయిగా ఉంటది" అంటుంది.

తాడ్వాయి హట్స్‌లో దిగడానికో, బొగత జలపాతం చూడటానికో నగరాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది ఈ రెండో మాటే. 1950ల తొలినాళ్లలోనే అభయారణ్యంగా ప్రకటించిన ఈ 800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి వాళ్లకు ఊపిరి పీల్చుకునే చోటు. అదే అడవిలో, పోయిన ఆ టవర్ కోసమే మిట్ట ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకునే మనుషులూ ఉన్నారు. సిగ్నల్ లేకపోవడం ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి తిప్పలు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఫోన్‌లో మనల్ని అలిసిపోయేలా చేస్తున్నదేదో, అక్కరకొస్తున్నదేదో తేలుతుంది. ఇటీవలి పరిశోధనలు కూడా ఆ లెక్క తేల్చే పనిలోనే పడ్డాయి.

ఆకులకు చిక్కిన అల

ముందు, అడవిలో సిగ్నల్ ఎందుకు పోతుందో చూద్దాం. సెల్ టవర్ పంపేది రేడియో తరంగాలు. మన దేశంలో 2జీ ఎక్కువగా 900 మెగాహెర్ట్జ్ దగ్గర, 4జీ 1800, 2300 మెగాహెర్ట్జ్ వంటి బ్యాండ్లలో నడుస్తుంది. 900 దగ్గర ఒక్కో తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, 2300 దగ్గర 13 సెంటీమీటర్లే. తరంగం పొట్టిదయ్యేకొద్దీ ఆకులకూ కొమ్మలకూ చిక్కడం ఎక్కువ. బాగా ఎదిగిన టేకాకు జానెడు దాటి, ఒక్కోసారి మూరెడు దాకా ఉంటుంది. అందులో నిండా నీరే. నీటి అణువుకు ఒకవైపు ధనావేశం, మరోవైపు రుణావేశం ఉంటాయి కాబట్టి తరంగం తాకినప్పుడల్లా అది ఊగుతుంది, తరంగం శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. మిగిలిన దాంట్లో చాలాభాగం ఆకుల మీద పడి నలుదిక్కులా చెదిరిపోతుంది. వానాకాలంలో ఆకు నిండుగా, తడిగా ఉన్నప్పుడు ఈ నష్టం ఎక్కువ. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చాక తక్కువ.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. మైనస్ 70 ఉంటే మంచి సిగ్నల్, మైనస్ 110 ఉంటే అందీ అందనట్టు. చూడటానికి 40 అంకెల తేడానే. కానీ ఇది లాగరిథమ్ కొలత. రెండో చోట ఫోన్‌కు చేరే శక్తి మొదటి చోట చేరేదాంట్లో పదివేలలో ఒక వంతే. అలాంటి చోట ఫోన్ రెండు పనులు చేస్తుంది. తాను పంపే తరంగానికి బలం పెంచుతుంది. టవర్ పూర్తిగా జారిపోతే బ్యాండ్ తర్వాత బ్యాండ్ మారుస్తూ వెతుకుతూనే ఉంటుంది. అడవికి వెళ్లిన రోజు ఫోన్ ముట్టుకోకపోయినా సాయంత్రానికి ఛార్జింగ్ దిగిపోయేది అందుకే. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే ఆ వెతుకులాట ఆగుతుంది, బ్యాటరీ నిలుస్తుంది.

ఎదురుచూపులోనే అలసట

ఫోన్ సంగతి అలా ఉంచి, దాన్ని పట్టుకున్న మనిషి తలలో జరిగేది చూద్దాం. డోపమైన్ అనగానే ‘సుఖాన్నిచ్చే రసాయనం’ అని చెప్పేయడం ఇప్పుడు అలవాటైపోయింది. 1990లలో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ స్విట్జర్లాండ్‌లో కోతుల మీద చేసిన ప్రయోగాలు చెప్పింది వేరు. కోతికి ఒక దీపం చూపించి, తర్వాత పళ్లరసం చుక్క ఇచ్చేవారు. మొదట్లో రసం నాలుకకు తగిలినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక దీపం వెలగగానే స్పందించడం మొదలైంది, రసం వచ్చినప్పుడు ప్రత్యేకంగా ఏమీ లేదు. దీపం వెలిగి రసం రాకపోతే ఆ కణాల చురుకు మామూలు కన్నా పడిపోయింది. 2003లో అదే బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. రసం వస్తుందో రాదో సగానికి సగం అనుమానంగా ఉన్నప్పుడు, సూచనకూ ఫలితానికీ నడుమ ఆ కణాల చురుకు క్రమంగా పెరుగుతూ పోయింది. ఖాయంగా వచ్చేదాని కోసం, ఖాయంగా రానిదాని కోసం అంత పెరుగుదల లేదు.

అంతకు చాలాముందే అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో ఇలాంటిదే చూపించాడు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకుండా చేస్తే, పావురం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. కోతుల నుంచి, పావురాల నుంచి మన జేబులోని ఫోన్ దాకా తిన్నగా గీత గీసేయలేం. అయినా నోటిఫికేషన్ పనిచేసే తీరు దీనికి బాగా దగ్గర. పది మెసేజ్‌లలో తొమ్మిది ‘గుడ్ మార్నింగ్’ పూలబొమ్మలే కావచ్చు, పదోది పిల్లాడి పరీక్ష ఫలితం కావచ్చు. ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియని స్టాపులో నిలబడ్డవాడు కుదురుగా కూర్చోనూ లేడు, కునుకు తీయనూ లేడు. ఏ పనీ చేయకుండానే అలిసిపోతాడు.

ఈ అలసట కొలతకు అందుతుందా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్‌లో గ్లోరియా మార్క్ ఉద్యోగులు తెర ముందు ఎలా గడుపుతారో ఏళ్ల తరబడి లెక్కకట్టారు. 2004 ప్రాంతంలో ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన దృష్టి, ఇటీవలి ఏళ్లలో 47 సెకన్లకు పడిపోయింది. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థుల ఫోన్లను సైలెంట్‌లో పెట్టించి, కొందరివి బల్ల మీద, కొందరివి సంచిలో, కొందరివి పక్కగదిలో ఉంచి పరీక్ష పెట్టారు. ఫోన్ పక్కగదిలో ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా బాగా చేశారు. ఫోన్ కంటి ముందుంటే చాలు, మోగకపోయినా మెదడులో కొంత భాగం దానికి కాపలా కాస్తుందని వాళ్ల వివరణ. ఆ తర్వాత ఇదే ప్రయోగాన్ని వేరేవాళ్లు చేసినప్పుడు అన్నిచోట్లా అంత స్పష్టమైన తేడా రాలేదు. కనుక బల్ల మీది ఫోన్ ఎంత నష్టం చేస్తుందన్నది ఇంకా తేలాల్సిన లెక్క. కానీ మాటిమాటికీ తెగిపోయే దృష్టి మనిషిని అలసటకు గురిచేస్తుందన్న దాంట్లో పెద్దగా పేచీ లేదు.

లేని ఫోన్ వణికితే

అడవికి వచ్చిన మొదటి పూట చాలామందికి హాయి దొరకదు. చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. ఫోన్ బ్యాగులో ఉన్నా తొడ మీద వణికినట్టు అనిపిస్తుంది. దీనికి ‘భ్రాంతి వైబ్రేషన్’ అని పేరు. 2012లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగితే నూటికి 89 మంది తమకు ఇలా అనిపించిందన్నారు. ఇదేమీ రోగం కాదు. వణుకు వస్తుందని ఎదురుచూసే మెదడు, దుస్తుల రాపిడినో కండరం చిన్నగా అదరడాన్నో ఫోన్ కింద లెక్కేసుకుంటుంది.

ఏ పనీ లేకుండా మన తలపులతో మనం కూర్చోవడం అంత తేలిక కాదని 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతి విల్సన్ బృందం చూపించింది. ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టి, పక్కన చిన్న కరెంటు షాక్ ఇచ్చే మీట ఒకటి పెట్టారు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్లే వీళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా ఆ మీట నొక్కుకున్నారు. ‘ఫోన్ పక్కన పడేస్తే మనసు వెంటనే కుదుటపడుతుంది’ అని ఆశించేవాళ్లు ఈ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి. మొదట వచ్చేది చిరాకే. తోచకపోవడమే. అది కాసేపు ఓర్చుకోవాల్సిన దశ, ప్రయత్నం చెడిందనడానికి గుర్తు కాదు.

అడవి మహిమా? ఫోన్ లేని మహిమా?

చెట్లు మనిషికి మేలు చేస్తాయనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. 1984లో రోజర్ ఉల్రిచ్ అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మరో 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మాత్రలూ తక్కువ వాడారు. 1989లో రేచల్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. లెక్క చేయడానికి, బండి నడపడానికి పట్టిపట్టి నిలిపే దృష్టి వాడేకొద్దీ అలిసిపోతుంది. ఆకు కదలిక, నీటి చప్పుడు, మబ్బు నడక మన దృష్టిని లాగవు, మెల్లగా పిలుస్తాయి. అప్పుడు అలిసిన దృష్టికి తీరిక దొరుకుతుంది. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కొందరిని ఊరి రద్దీ వీధుల్లో, మరో రోజు చెట్ల తోటలో నడిపించి పరీక్ష పెడితే, తోటలో నడిచొచ్చాక అంకెలను వెనక నుంచి చెప్పే జ్ఞాపకశక్తి మెరుగైంది. చలికాలంలో, నడక ఏమాత్రం నచ్చకపోయినా ఫలితం అదే.

2012లో మరో ప్రయోగం. ఫోన్, కంప్యూటర్ ఏదీ లేకుండా నాలుగు రోజులు అడవుల్లో నడిచినవాళ్లకు కొత్తగా ఆలోచించే పరీక్షలో 50 శాతం ఎక్కువ మార్కులు వచ్చాయి. పత్రికలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి. పరిశోధకులు మాత్రం తమ పత్రంలోనే ఒప్పుకున్నారు: ఇది అడవి వల్ల వచ్చిందో, ఫోన్ లేకపోవడం వల్ల వచ్చిందో ఈ ప్రయోగంతో చెప్పలేమని. ఏటూరునాగారం వచ్చి తేలికపడి వెళ్లే ప్రతి మనిషి విషయంలోనూ ఉండే చిక్కే ఇది.

ఆ చిక్కును కొంత విడదీసిన ప్రయోగం 2025 ఫిబ్రవరిలో అచ్చయింది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చెందిన నోవా కాస్టెలో బృందం 467 మందితో చేసింది. రెండు వారాల పాటు వాళ్ల ఫోన్లలో మొబైల్ ఇంటర్నెట్‌ను ఒక యాప్ అడ్డుకుంది. ఎవరినీ అడవికి పంపలేదు. ఫోన్లు లాక్కోలేదు. కాల్స్ చేసుకోవచ్చు, ఎస్‌ఎంఎస్‌లు పంపుకోవచ్చు, ఇంట్లోనో ఆఫీసులోనో కంప్యూటర్ మీద నెట్ వాడుకోవచ్చు. జేబులో మాత్రం నెట్ ఉండదు. రెండు వారాలయ్యేసరికి మానసిక ఆరోగ్యం, తృప్తి, నిలకడైన దృష్టి మూడింట్లో ఏదో ఒక్కటైనా మెరుగైనవాళ్లు నూటికి 91 మంది. దృష్టిలో వచ్చిన మెరుగుదల, వయసుతో పదేళ్లలో తగ్గేదంత. మిగిలిన సమయాన్ని వాళ్లు మనుషులను కలవడానికి, వ్యాయామానికి, బయట తిరగడానికి వాడుకున్నారు. చాలామంది ఆ అడ్డును పూర్తిగా రెండు వారాలూ ఉంచుకోలేకపోయారన్నదీ అదే పత్రంలో ఉంది.

అంటే అలసటకు మూలం ఫోన్ అనే వస్తువులో లేదు. ఎక్కడికి పోయినా వెంటే వచ్చే, ఎక్కడా ఆగని నెట్ ప్రవాహంలో ఉంది. ‘ఫోన్ వదిలేయాలి’ అనుకునేవాళ్లలో చాలామంది నిజంగా వదిలించుకోవాలనుకునేది దాన్నే.

చీకటి పడ్డాక

నిద్ర సంగతి కొంచెం వేరు. కంటి రెటీనాలో చూపుతో పెద్దగా పనిలేని కొన్ని కణాలున్నాయని 2002లో బయటపడింది. వాటి పని పగలూ రాత్రీ తేడాను మెదడు గడియారానికి చేరవేయడం. 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి అవి బాగా స్పందిస్తాయి. రాత్రి ఆ కాంతి పడితే నిద్రకు పిలిచే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. 2013లో కొలరాడోలో కెన్నెత్ రైట్ ఎనిమిది మందిని వారంపాటు కొండల్లో గుడారాల్లో ఉంచాడు. టార్చి లేదు, ఫోన్ లేదు, సూర్యుడూ నెగడూ మాత్రమే. వారం తిరిగేసరికి వాళ్లలో మెలటోనిన్ మొదలయ్యే వేళ దాదాపు రెండు గంటలు ముందుకు జరిగింది. రాత్రి కాంతి తగ్గడం ఒక్కటే దీనికి కారణమనుకోవద్దు. గదుల్లో ఉన్నప్పటి కన్నా పగలు వాళ్ల మీద నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు పడింది.

ఏటూరునాగారం చుట్టుపక్కల గూడేల్లో ఇప్పపువ్వు రాలే కాలంలో కోయ కుటుంబాలు తెల్లవారకముందే చెట్ల కిందికి చేరతాయి. పువ్వు రాలేది రాత్రి చివరి జాములోనే, ఆలస్యమైతే పశువుల పాలు, ఎండ పాలు. ఆ తర్వాత తునికాకు కోత. ఎండ ముదరకముందే ఆకు కోసుకొచ్చి, నీడన కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. పొద్దుతో పాటు లేచి, పొద్దుతో పాటు సర్దుకునే బతుకుకు రైట్ ప్రయోగం చెప్పాల్సిన కొత్త సంగతి లేదు. నగరం మనిషికి ఉంది. రాత్రి ఫోన్ పక్కన పెట్టడంతో పాటు, పొద్దున ఒక అరగంట ఎండలో తిరగడం కూడా అంతే ముఖ్యం.

మిట్ట ఎక్కే మనిషి

ఇప్పుడు ఇంకో కోరిక సంగతి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కేంద్రమైన ఏటూరునాగారం పట్టణంలో సిగ్నల్‌కు లోటు లేదు. లోపలి గూడేలకు వెళ్లేకొద్దీ కథ మారుతుంది. 2020 సెప్టెంబరు 1న కరోనా కాలంలో తెలంగాణ బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ల మీదికి వచ్చినప్పుడు, ఇలాంటి ఊళ్లలో ఇంట టీవీ లేక ఫోన్‌లోనే పాఠం చూడాల్సిన పిల్లలకు సిగ్నల్ లేకపోవడం విశ్రాంతి కాలేదు, పాఠం పోవడమైంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్‌కు నెట్ కావాలి. ఉపాధి హామీ పనిలో హాజరు ఫొటోలు యాప్‌లో ఎక్కించడం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. పురుటి నొప్పులు వస్తే 108కి ఫోన్ కలవాలి.

వాన వస్తే సరేసరి. 2023 జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతవరకూ అలాంటి వాన నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచెత్తింది, ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. అలాంటి రాత్రి ఎగువ ఊరి నుంచి దిగువ ఊరికి వెళ్లే ఒక్క కాల్ విలువ ఎంతో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. దేశవ్యాప్తంగా సిగ్నల్ అందని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. ‘అడవినైనా ప్రశాంతంగా ఉండనివ్వరా’ అని నగరంలో కూర్చుని నిట్టూర్చే ముందు కొండాయిని తలచుకోవాలి.

రెండేళ్లకోసారి మేడారం జాతరలో ఈ రెండు అవసరాలూ ఒకేచోట కనిపిస్తాయి. సమ్మక్క సారలమ్మ గద్దెల చుట్టూ నాలుగు రోజుల్లో లక్షలకు లక్షల జనం. దానికోసం తాత్కాలిక టవర్లు నిలబెడతారు. అయినా ఒక్కో టవర్ మోయగలిగిన భారానికి ఒక హద్దుంటుంది. వేలమంది ఒకేసారి వీడియోలు ఎక్కిస్తుంటే, బిడ్డ తప్పిపోయిన తల్లి చేసే కాల్ కలవదు. అప్పుడు పనికొచ్చేది మైకులో పిలిచే పేరు. ప్రవాహం ఎక్కువై పిలుపు అందకపోవడం నెట్‌వర్క్‌లోనూ జరుగుతుంది, మన తలలోనూ జరుగుతుంది.

ఏది ఆపాలి, ఏది ఉంచాలి

అడవికి వచ్చిన మనిషి కోరుకునేది నెట్ ఆగడం. అడవిలో ఉన్న మనిషి ముందుగా కోరుకునేది కాల్ కలవడం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. కాస్టెలో ప్రయోగం చేసిందీ ఇదే: కాల్ ఉంచింది, జేబులో నెట్ ఆపింది. వాళ్లలో ఎక్కువమంది తమ మామూలు జీవితంలోనే ఉండి మేలు పొందారు. తాడ్వాయిలో రెండు రాత్రులు గడిపి, సోమవారం పొద్దున్నే మళ్లీ పాత ప్రవాహంలో దూకితే అంత మేలు నిలుస్తుందని ఆశించలేం.

ఒక్కరే చేస్తే కష్టం, కూడి చేస్తే తేలిక. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్‌లో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది. గంటన్నర పాటు ఊళ్లో టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. పిల్లలు పుస్తకాలు తీస్తారు. ఎవరూ చూడని వేళలో ‘నేను ఏదో పోగొట్టుకుంటున్నానేమో’ అన్న బెంగ ఉండదు. ఉద్యోగుల విషయంలో 2017లో ఫ్రాన్స్, 2024లో ఆస్ట్రేలియా పని వేళలు దాటాక ఆఫీసు మెసేజ్‌లకు బదులివ్వకుండా ఉండే హక్కును చట్టంలో పెట్టాయి. వాడకం చేయి దాటిపోయిందనుకునేవాళ్ల కోసం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

ఇంట్లో మొదలుపెట్టడానికి సైరన్, చట్టం అక్కర్లేదు. సాయంత్రం ఒక వేళ పెట్టుకుని మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ వద్దు, కాల్స్ రావాలి. ఫోన్‌ను చేతికందని చోట, రింగు వినిపించే చోట పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు తోచదు, ఓర్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లోవాళ్లకూ ఆఫీసువాళ్లకూ ఈ మాట ముందే చెప్పండి: "ఎనిమిది దాటాక మెసేజ్ చూడను. అవసరమైతే కాల్ చేయండి, ఎత్తుతాను." అవతలివాళ్లకు అందుతామన్న భరోసా ఇచ్చినప్పుడే, మాటిమాటికీ తెర వైపు చూసుకోవాల్సిన పని మనకు తప్పుతుంది.